చుట్టంగా వచ్చిన ఇంజన్

అల్లుడూ,

మీ ముగ్గురికీ నా ఆశీస్సులు.

మార్చిలో ఇంగ్లండ్‌లోని కీత్లీ లైను స్టీమ్ గాలాకి, అదే ఆవిరి ఇంజన్ల పండక్కి, వెళ్తున్నామని నువ్వు ఫోన్ చేసిన రోజు నుంచీ నా ధ్యాసంతా అక్కడే ఉంది. ఆ రోజు సగం కూడా చెప్పలేకపోయాను. అక్కడ బుడ్డోడు నీ చేతిలోంచి ఫోన్ లాక్కుంటున్నాడు, ఇక్కడ మీ అత్తయ్య భోజనానికి లెమ్మంటోంది. అందుకే కూర్చుని రాస్తున్నాను. వెళ్ళే ముందురోజు రాత్రి ఇంకోసారి చదువుకో.

నువ్వు అడిగింది ఒకే మాట. "ఏడెనిమిది ఇంజన్లు తిరుగుతాయట మావయ్యా, ఒక్క రోజులో అన్నీ చూడాలంటే ఎలా?" అన్నావు. అన్నీ చూడాలని పెట్టుకోకు. బయటి రైల్వేల నుంచి వచ్చిన ఇంజన్లలో ఒక్కదాన్ని ఎంచుకో. పొద్దున్నుంచి రాత్రి దాకా దాని వెంటే ఉండు. మిగతావి ఎలాగూ ఎదురుపడతాయి, చూస్తావు.

మీ బావ లీడ్స్‌లో ఉండగా మొదటిసారి వెళ్ళినప్పుడు నేనూ నీలాగే అనుకున్నాను. టైమ్ టేబుల్ చేత్తో పట్టుకుని పెన్నుతో టిక్కులు పెట్టుకుంటూ, ఇంగ్రోలో దిగి ఒక బండి, ఓక్‌వర్త్‌లో దిగి ఇంకో బండి, ఇలా పరుగులు తీశాను. సాయంత్రానికి ఏడు టిక్కులు పడ్డాయి. రాత్రి మీ అత్తయ్య ఫోన్లో "ఎలా ఉన్నాయండీ ఇంజన్లు?" అంటే ఒక్కదాని గురించి కూడా నాలుగు మాటలు చెప్పలేకపోయాను. బిట్రగుంట షెడ్డులో క్లీనర్‌గా చేరి, ఫైర్‌మన్‌గా ఏళ్ళ తరబడి పార పట్టి ఇంజన్లో బొగ్గేసిన మనిషిని. ఆ రాత్రి నాకు చాలా బాధేసింది. మరుసటేడు వెళ్ళి ఒకే ఇంజన్ దగ్గర ఉండిపోయాను. దాని సంగతి కింద రాస్తాను.

గాలా అంటే ఆ రైల్వే వాళ్ళకి మన తిరణాల లాంటిది. మామూలు రోజుల్లో ఒకటో రెండో ఇంజన్లు నడిపేవాళ్ళు ఆ పండగ రోజుల్లో ఉన్నవన్నీ బయటికి తీస్తారు. అది చాలక వేరే ఊళ్ళ రైల్వేల నుంచి ఒకటి రెండు ఇంజన్లని చుట్టాల్లా పిలిపించుకుంటారు. ఆ చుట్టాలు పట్టాల మీద నడిచి రావడం తక్కువ. మెయిన్ లైను ఎక్కాలంటే పాత ఇంజన్‌కి వేరే సర్టిఫికెట్లు, కొత్తరకం సేఫ్టీ పరికరాలు ఉండాలి. అందుకని చాలావాటిని లో-లోడర్ లారీల మీద తెస్తారు, ఇంజన్ ఒక లారీ మీద, బొగ్గూ నీళ్ళూ మోసే టెండర్ ఇంకో లారీ మీద. వాళ్ళ జూబిలీ తరగతి పెద్ద ఇంజన్ అయితే టెండర్ కాకుండానే 80 టన్నుల దాకా ఉంటుంది. అంత బరువుని యార్క్‌షైర్ లోయల్లోని రోడ్ల మీద తెచ్చి, పట్టాల మీదికి దించి, పండగ అయ్యాక మళ్ళీ ఎక్కించి పంపడమంటే ఎంత పనో ఆలోచించు. జీతం లేకుండా, వారాంతాల్లో వచ్చి పనిచేసే వాలంటీర్లే ఇందులో చాలామంది.

ఆ లైను బతికిందే అలాంటి మనుషుల వల్ల. 1867లో కట్టిన 5 మైళ్ళ బ్రాంచి లైను అది, కీత్లీ నుంచి ఆక్సెన్‌హోప్ దాకా. 1962లో ప్రభుత్వ రైల్వే దాన్ని మూసేసింది. ఊళ్ళవాళ్ళూ రైలు ప్రియులూ కలిసి కొనుక్కుని 1968 జూన్ 29న మళ్ళీ తెరిచారు. ఆ తర్వాత ఆరు వారాలకి, ఆగస్టు 11న, బ్రిటిష్ రైల్వేస్ మెయిన్ లైను మీద ఆవిరి బండ్లు మానేసింది. దేశమంతా పొయ్యిలు ఆర్పేస్తుంటే వీళ్ళు వెలిగించారు. మన దగ్గర బ్రాడ్ గేజ్ మీద ఆఖరి ఆవిరి బండి 1995 డిసెంబర్ 6న జలంధర్, ఫిరోజ్‌పూర్ మధ్య నడిచింది. మన షెడ్డుల్లో ఎన్ని వందల ఇంజన్లు తుక్కు కింద పోయాయో తలుచుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది.

ఇక చుట్టపు ఇంజన్నే ఎందుకు ఎంచుకోమంటున్నానో చెప్తాను. ఒకే తరగతివే అయినా ఏ రెండు ఆవిరి ఇంజన్లూ ఒక్కలా నడవవు. ఇది నాకు ఒక మే నెల రాత్రి తెలిసింది. గూడ్స్ బండి, డబ్ల్యూజీ రకం ఇంజన్, వేరే షెడ్డు నుంచి వచ్చింది. డబ్ల్యూజీలు నాకు కొత్త కాదు. కానీ ఆ పూట నా వైపు ఇంజెక్టర్ పట్టుకోవడం లేదు. ఇంజెక్టర్ అంటే టెండర్లోని నీళ్ళని ఆవిరి వేగంతో బాయిలర్లోకి తోసే పరికరం. ఎండలకి టెండర్ నీళ్ళు గోరువెచ్చగా అయిపోయాయి, నీళ్ళు వేడెక్కితే ఇంజెక్టర్ మొరాయిస్తుంది. తిప్పినకొద్దీ నీళ్ళన్నీ కిందికి కారిపోతున్నాయి గానీ లోపలికి వెళ్ళట్లేదు. గేజ్ గ్లాసులో నీటి మట్టం నా కళ్ళ ముందే ఒక్కో వేలూ దిగుతోంది. అది అడుగంటితే ఫైర్‌బాక్స్, అంటే బొగ్గు మండే పొయ్యి, పైకప్పు కాలిపోతుంది, మనుషులు మిగలరు. చెమటలు పట్టేసి రెండు చేతులతో వాల్వులు తిప్పేస్తున్నాను. డ్రైవర్ గారు తన సీట్లోంచి లేచి వచ్చి నన్ను పక్కకి జరిపారు. ఆవిరి మొత్తం కట్టేశారు. నీటి వాల్వు సగానికి తగ్గించి, ఆవిరిని బొట్టు బొట్టుగా వదిలినట్టు మెల్లగా తిప్పారు. గర్రుమని ఒక్క శబ్దం, పట్టుకుంది. ఆ ఇంజన్‌కి అలా ఇస్తేనే ఇష్టం. దాని సొంత షెడ్డు ఫైర్‌మన్‌కి అది తెలుసు, నాకు తెలియదు.

గాలాలో నువ్వు చూడాల్సింది ఇదే. అక్కడి డ్రైవర్‌కీ ఫైర్‌మన్‌కీ ఆ చుట్టపు ఇంజన్ కొత్త. చాలాసార్లు దాని సొంత మనిషి ఒకాయన కూడా వస్తాడు, దాని అలవాట్లు చెప్పడానికి. పొద్దున మొదటి ట్రిప్పులో ఒకరికొకరు కొత్త. సాయంత్రానికి సంసారం కుదురుతుంది. ఆ కుదరడం చూడాలంటే రోజంతా ఒకదాని దగ్గరే ఉండాలి మరి.

నేను రెండోసారి వెళ్ళినప్పుడు పట్టుకున్నది గ్రేట్ వెస్టర్న్ అనే పాత రైల్వే కంపెనీ వాళ్ళ పానియర్ ట్యాంక్ ఇంజన్. చిన్నది, గాడిద మీద రెండు వైపులా మూటలు వేసినట్టు బాయిలర్‌కి అటూ ఇటూ నీళ్ళ తొట్లు. ఆ తరగతివి 863 కట్టారు, అంటే చాలా మామూలు ఇంజన్, ఫొటోలకి జనం ఎగబడేది కాదు. ఫైర్‌మన్ ఒక అమ్మాయి, పాతికేళ్ళుంటాయేమో. గ్రేట్ వెస్టర్న్ ఇంజన్లలో డ్రైవర్ కుడివైపు ఉంటాడు, ఆ లైనులో ఎక్కువగా నడిచే ఇంజన్లలో ఎడమవైపు. అంటే ఆ అమ్మాయికి అలవాటైన వైపు మారిపోయింది, పార ఊపే చెయ్యి తిరగట్లేదు. మొదటి ట్రిప్పులో క్యాబ్ కింద గొట్టంలోంచి నీళ్ళు చాలాసేపు కారాయి. ఇంజెక్టర్ ఇంకా పట్టుకోలేదన్నమాట. పొగ చిక్కగా నల్లగా వచ్చింది. రెండో ట్రిప్పులో నీళ్ళు కాసేపే కారాయి. భోజనాల వేళకి చూస్తే, తిప్పీ తిప్పగానే నాలుగు చుక్కలు రాలి ఆగిపోతోంది. పొగ పల్చబడి బూడిద రంగుకి వచ్చింది. నేను ప్లాట్‌ఫామ్ మీద నిలబడి నాలుగు గంటలుగా అదే చూస్తున్నానని ఆ అమ్మాయి కనిపెట్టింది. ఆక్సెన్‌హోప్‌లో ఇంజన్ ఆగినప్పుడు మీరు రైల్వే మనిషేనా అని అడిగింది. ఇండియాలో ఫైర్‌మన్‌గా చేశానన్నాను. పైకి రమ్మంది. క్యాబ్‌లో నిలబడితే కాళ్ళకి ఆ వేడి తగిలింది. ఎన్నేళ్ళయిందో ఆ వేడి తగిలి. మీ దగ్గర ఏ బొగ్గు అని అడిగింది. సింగరేణి బొగ్గు, బూడిద ఎక్కువ, మంటని ఎప్పుడూ కదుపుతూ ఉండాలి అని చెప్పాను. తను వాళ్ళ బొగ్గు సంగతి చెప్పింది. గ్రేట్ వెస్టర్న్ ఇంజన్లు వేల్స్ బొగ్గు కోసం కట్టినవి, అది నిదానంగా, పొగ తక్కువగా, మందంగా పేర్చిన నిప్పు మీద కాలుతుంది. ఇప్పుడా బొగ్గు దొరకడం లేదు. వేల్స్‌లోని ఫోస్-ఎ-వ్రాన్ గని 2023 నవంబర్లో మూతపడిన దగ్గర్నుంచి ఇలా పాత ఇంజన్లు నడిపే హెరిటేజ్ రైల్వేలకి బొగ్గు పెద్ద టెన్షన్ అయిపోయింది. దిగుమతి బొగ్గుతో నెట్టుకొస్తున్నారు.

కాబట్టి నువ్వు ప్లాట్‌ఫామ్ మీద ఉన్నప్పుడు చిమ్నీ వైపు చూడటం కొంచెం తగ్గించు. క్యాబ్ మెట్ల పక్కన, కిందికి దిగిన ఆ సన్న గొట్టం చూడు. ఫైర్‌మన్ చేతులు చూడు. పార బరువు మోచేతి మీద ఉందో నడుం మీద ఉందో చూడు. పొయ్యి తలుపు తెరిచినప్పుడు మంట తెల్లగా ఉందా, ఎర్రగా ఉందా చూసి బుడ్డోడికి చెప్పు. తెల్లగా ఉంటే మంచి వేడి మీద ఉన్నట్టు.

రోజు ఎలా గడపాలో చెప్తాను. లీడ్స్ నుంచి కీత్లీ అరగంట లోపే. కీత్లీలో మీరు దిగే స్టేషనే వీళ్ళది కూడా, పక్క ప్లాట్‌ఫాములు. రోజంతా ఎక్కి దిగే రోవర్ టికెట్ ఉంటే చాలు. ఏ బండికి ఏ ఇంజనో ముందే కాగితం వేస్తారు, కానీ దాన్నే నమ్ముకుని కూర్చోకు. పాత ఇంజన్ కదా, బాయిలర్ ట్యూబు లీకయిందంటే పక్కన పెట్టేస్తారు. నీ ఇంజన్ ఫెయిలయితే కోపం తెచ్చుకోకుండా, షెడ్డు వైపు ఏం చేస్తున్నారో చూడు. షెడ్డు హావర్త్‌లో ఉంది. పొద్దున్నే మొదటి బండికి హావర్త్ చేరుకో. యార్డులోకి రానివ్వరు గానీ స్టేషన్ వైపు నుంచీ, పక్కన కాలినడక వంతెన మీది నుంచీ కనిపిస్తుంది. వాళ్ళు తెల్లవారకముందే వచ్చి ఉంటారు. చల్లటి బాయిలర్‌కి ఒక్కసారిగా మంట పెట్టకూడదు, ఇనుము పగుళ్ళిస్తుంది, అందుకే గంటల తరబడి మెల్లగా వేడెక్కిస్తారు. నూనె డబ్బా పట్టుకుని ఇంజన్ చుట్టూ ఒకాయన తిరుగుతుంటాడు. అతన్ని ఆ టైములో పలకరించకు. ఒక్క నూనె గిన్నె మర్చిపోయినా బేరింగ్ కాలిపోతుంది.

పలకరించాల్సింది ఆక్సెన్‌హోప్‌లో. అక్కడ ఇంజన్ విప్పి, పక్క లైనులో తిప్పి, బండికి రెండో వైపు తగిలిస్తారు. తగిలించేటప్పుడు ఒక మనిషి మధ్యలోకి దూరి కప్లింగ్ బిగించి, బ్రేకు గొట్టం, ఆవిరి గొట్టం కలుపుతాడు. ఆవిరి గొట్టం ఎందుకంటే, అక్కడి పెట్టెలకి చలికాలంలో ఇంజన్ ఆవిరితోనే వేడి. మార్చిలో కూడా పెట్టెల కిందినుంచి తెల్లగా ఆవిరి లేస్తూ ఉంటుంది, మన దగ్గర నేను చూడనిది. ఆ పనంతా అయ్యాక డ్రైవర్‌కి రెండు నిమిషాలు తీరిక దొరుకుతుంది. బుడ్డోణ్ణి ముందుకు పెట్టి అడుగు, కాదనరు. నమస్కారం పెట్టించు, వాళ్ళకి అర్థం కాకపోయినా మర్యాద తెలుస్తుంది.

బుడ్డోడి చెవులకి ఆ పెద్ద హెడ్‌ఫోన్ల లాంటి మూతలు కొను. సేఫ్టీ వాల్వు లేచిందంటే పెద్దవాళ్ళమే ఉలిక్కిపడతాం, పిల్లాడు ఒకసారి జడుసుకుంటే ఇంక ఇంజన్ దగ్గరికి రాడు. మొదటి పెట్టెలో కూర్చోండి, చప్పుడు అక్కడే బాగుంటుంది. కానీ కిటికీలోంచి తల బయట పెట్టకండి. కంట్లో బొగ్గు నలుసు పడితే నలపకూడదు, నీళ్ళతో కడగాలి, ఒక సీసా దగ్గర ఉంచుకో. కొన్ని పెట్టెల్లో తలుపు తెరవాలంటే కిటికీ దించి బయటి పిడి తిప్పాలి, బండి పూర్తిగా ఆగాకే. ఫొటో కోసం కంచె దాటి లైను పక్కకి వెళ్ళకు, పొలాల దారులూ రోడ్డు వంతెనలూ చాలా ఉన్నాయి. ముదురు రంగు బట్టలు వేసుకోండి, మసి పడుతుంది. అమ్మాయిని పులిహోర కట్టమను, ఆ చలికి టీతో పాటు అది దిగితే ప్రాణం లేచొస్తుంది. ప్లాట్‌ఫామ్ మీద ఎవరైనా డబ్బా పట్టుకుని విరాళం అడిగితే నోటు వెయ్యి, చిల్లర కాదు.

అన్నట్టు ఇంగ్రోలో దిగడం మాత్రం మానకు. అక్కడ బహామాస్ అనే జూబిలీ ఇంజన్‌ని కాపాడినవాళ్ళ మ్యూజియం ఉంది. జూబిలీలు 191 కట్టారు, చాలావాటికి అప్పటి బ్రిటిష్ పాలనలోని దేశాల పేర్లూ, రాజ్యాల పేర్లూ పెట్టారు. ఇండియా అని ఒకటి, మద్రాస్ ఒకటి, మైసూర్ ఒకటి. 5585 నంబరు ఇంజన్ పేరు హైదరాబాద్. ఈ సంగతి తెలిసినప్పుడు నేను ఆ ప్లాట్‌ఫామ్ మీదే కూర్చుండిపోయాను. హైదరాబాద్ అని ఇత్తడి పలక మీద రాసుకుని ఒక ఇంజన్ ఇంగ్లండ్‌లో ముప్పై ఏళ్ళు బండ్లు లాగింది. అది తుక్కయిపోయింది, మద్రాసు కూడా. మిగిలినవి నాలుగే, అందులో మన దేశపు ఊరి పేరు మోస్తున్నది కొల్హాపూర్ ఒక్కటే. ఆ లైను సొంత ఇంజన్లలో అమెరికాలో 1945లో కట్టిన ఎస్160 రకం ఇంజన్ కూడా ఉంది. దాని తోబుట్టువులు యుద్ధకాలంలో మన బ్రాడ్ గేజ్ మీద కూడా నడిచాయి. కనబడితే నా తరఫున ఒకసారి తట్టు, వేడిగా లేనిచోట చూసుకుని.

ఇంకొకటి. "వచ్చే ఏడాది మళ్ళీ చూద్దాంలే" అని ఏ ఇంజన్ గురించీ అనుకోకు. సాధారణంగా పదేళ్ళకోసారి బాయిలర్ మొత్తం విప్పి, ట్యూబులు పీకి బాగుచేస్తే గాని మళ్ళీ నడపనివ్వరు. దానికి లక్షల పౌండ్లు కావాలి, ఏళ్ళు పడుతుంది. గడువు అయిపోయిన ఇంజన్ ఎప్పుడు లేస్తుందో దాన్ని కాపాడేవాళ్ళే చెప్పలేరు. నీ చుట్టపు ఇంజన్‌కి గడువు ఎన్నాళ్ళుందో అక్కడ ఎవర్నడిగినా చెప్తారు. అడుగు.

సాయంత్రం చీకటి పడ్డాక ఒక్క బండైనా ఎక్కి రండి, పిల్లాడు నిద్రపోయినా సరే. ఇంజన్ పొయ్యి తలుపు తెరిచినప్పుడల్లా పొగ అడుగున ఎర్రగా వెలుగు పడుతుంది.

చప్పుడు గురించి చివరికి ఉంచాను, నాకు అన్నిటికన్నా అదే ముఖ్యం. కీత్లీ నుంచి ఆక్సెన్‌హోప్ వైపు దారంతా దాదాపు ఎత్తెక్కడమే. అలాంటి రైల్వేల మీద వేగం గంటకి 25 మైళ్ళు దాటకూడదు గానీ, ఆ ఎత్తు వల్ల ఇంజన్ గట్టిగా పనిచేస్తుంది, ప్రతి దెబ్బా విడిగా వినిపిస్తుంది. రెండు సిలిండర్ల ఇంజన్ పెద్ద చక్రం ఒక్కసారి తిరిగితే నాలుగు దెబ్బలు కొడుతుంది. మన డబ్ల్యూపీ, డబ్ల్యూజీ అన్నీ అంతే. జూబిలీకి మూడు సిలిండర్లు, దానికి ఆరు దెబ్బలు. చక్రం మీద ఒక గుర్తు పెట్టుకుని బుడ్డోడితో లెక్క పెట్టించు, వేగం అందుకోకముందే, మొదటి నాలుగైదు చుట్లలోనే కుదురుతుంది. దెబ్బలు సమానంగా పడుతున్నాయా, ఒకటి కుంటుతోందా విను. కుంటితే వాల్వులు సరిగ్గా లేవన్నమాట. షెడ్డులో మా ఫోర్‌మన్ గారు ఇంజన్ ముఖం చూడకుండా, ఆఫీసులో కూర్చునే చెప్పేవారు ఏది వస్తోందో.

కీత్లీలో బండి కదిలేటప్పుడు నీ ఫోన్లో రికార్డింగు నొక్కి కిటికీ దగ్గర పెట్టు. ఎవరూ మాట్లాడకండి. ఇంగ్రో సొరంగం దాటేదాకా ఉంచి, ఆ ముక్క నాకు పంపు. ఏ ఇంజనో మాత్రం రాయకు. నేను విని చెప్తాను.

మీ మావయ్య